పై ఊరి బడి, కింది ఊరి బడి

బడి ఈడు రాని పసిపిల్లల కోసం సర్కారు నడిపే చిన్న బళ్ళను చూసి రావడం ఆమె ఉద్యోగం. అందరూ బళ్ళ మేడం అనేవారు. మనిషి పొట్టి, నోరు గట్టి. ఏ బడికి వెళ్ళినా కుర్చీ వేయనిచ్చేది కాదు. పిల్లల మధ్య చతికిలబడి, మరుగుదొడ్డి గడియ వాళ్ళ చేతికి అందుతోందా, ఏడ్చే పిల్ల దగ్గరికి ముందుగా ఎవరు లేచి వెళ్తున్నారు అని చూసేది.

ఆ ఏడు పై ఊరికీ కింది ఊరికీ కలిపి ఒక్క బడే ఉంచాలన్నారు. రెంటినీ పోల్చి ఏది ఉంచాలో తేల్చే పని ఆమె నెత్తిన పడింది. కాలువ నీళ్ళ దగ్గర ఆ రెండు ఊళ్ళవాళ్ళూ అప్పటికే తలలు పగలగొట్టుకుని ఉన్నారు.

"నీకెందుకే ఆ గొడవ? జ్వరమని సెలవు పెట్టు," అన్నాడు సైకిళ్ళు బాగుచేసే ఆమె భర్త.

"నేను కాకపోతే కారు దిగకుండా చూసి పోయేవాడొస్తాడు," అందామె.

పై ఊరి బడి పిండిమర యజమాని స్థలమిచ్చి కట్టించినది. గాలీ వెలుతురూ ధారాళం. కానీ పిల్లలు బెత్తానికి జడిసి నోరు మూసుకుని కూర్చునేవారు. కింది ఊరిది అద్దె గది. గోడలు చెమ్మ, పైన రేకులు. అయినా అక్కడి టీచరు, ఆయా చేతుల్లో పిల్లలు పిచ్చుకల్లా కిచకిచలాడేవారు. మేడం ఎటూ తేల్చుకోలేక కింది ఊరికి మళ్ళీ మళ్ళీ వెళ్ళింది. అదే కొంప ముంచింది. మేడం కింది ఊరివాళ్ళ పక్షమైపోయిందని పై ఊళ్ళో గుప్పుమంది.

ఒక రోజు మేడం కింది ఊరి బడిలో ఉండగా పిల్లలు అన్నాలకు కూర్చున్నారు. బయట ట్రాక్టర్ ఆగిన చప్పుడైంది. ఆయా గుమ్మంలోంచి తొంగిచూసిందో లేదో, రాయి వచ్చి ఆమె కంటి మీద పడింది. కెవ్వుమని కూలబడింది. వేళ్ళ సందుల్లోంచి రక్తం పప్పు గిన్నెలోకి కారింది.

"పిల్లల్ని మూలకి లాగు!" అని టీచరుకు అరిచి, మేడం తలుపు మూసింది. గడియ సన్నది. అవతల గునపాలతో పొడుస్తున్నారు. ఆమె తన చేయి అడ్డం వేసి, భుజం ఆనించి నిలబడింది.

"లోపల పసిపిల్లలున్నార్రా! మీ కడుపున పిల్లలు పుట్టలేదా?"

"నువ్వు బయటికి రావే! నీ లెక్క తేలుస్తాం!" పిండిమర యజమాని గొంతు అది.

పైన రేకుల మీద రాళ్ళ వాన. ఒక రేకు ఊడి పలకల మీద పడింది. పిల్లలు ఏడుపు కూడా మర్చిపోయి టీచరు చీరలో మొహాలు దాచుకున్నారు. గునపం తలుపు చెక్కను చీల్చుకుని వచ్చి మేడం మోచేతి మీద దిగింది. ఎముక పటుక్కుమన్న చప్పుడు ఆమెకే వినిపించింది. అయినా కదల్లేదు. కదిలితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. వాకిట్లో కింది ఊరివాళ్ళ కేకలు దగ్గరయ్యాయి. కర్రలు కర్రలకు తగిలాయి, ఎవరివో పళ్ళు రాలాయి, ట్రాక్టర్ టైర్లు కాలుతున్న కంపు గదిలోకి వచ్చింది. పోలీసులు వచ్చేసరికి ఆమె తలుపుకు వీపు ఆనించి, నేలకు జారి ఉంది.

ఆస్పత్రిలో ఆమెకు ఒక మంచం, పక్కనే ఆయాకు ఒక మంచం. ఆయా కన్ను పోయింది. మూడో నాడు పిండిమర యజమాని పళ్ళ సంచితో, ఒక పోలీసుతో వచ్చి నిలబడ్డాడు.

"కుర్రాళ్ళు ఆవేశపడ్డారు మేడం. కేసు లేకుండా చూడండి. బడి సంగతి మీ ఇష్టం."

మేడం కట్టు కట్టిన చేతిని చూసుకుంది.

"ఆ వారమే మీ బడి ఉంచమని చెప్పేదాన్ని. వర్షాకాలం ఆ గదిలో పిల్లలు బతకరని తేల్చుకున్నాను. నువ్వు ఇంట్లో కూర్చుని ఉన్నా నీ బడి ఎలాగూ నీకు దక్కేది. ఈమె కన్ను ఈమెకుండేది."

ఆయా మంచం మీద లేచి కూర్చుంది.

"అంటే మా బడి ఎలాగూ తీసేసేవారే కదా మేడం?"

"అవునమ్మా."

ఆయా గోడవైపు తిరిగి పడుకుంది.

మేడం మనసు మార్చుకోలేదు. పై ఊరి భవనమే ఉంచమంది. కానీ అక్కడ పాఠం చెప్పేది కింది ఊరి టీచరే కావాలని, బెత్తం గడప దాటకూడదని పట్టుబట్టి సాధించింది. కోర్టులో పిండిమర యజమానిని వేలెత్తి చూపించింది. అతను జైలుకు వెళ్ళాడు. పై ఊరి మగవాళ్ళు ఆమె భర్త దుకాణం అద్దాలు పగలగొట్టారు. కింది ఊరి తల్లి ఒకతె బజారులో ఆమె కాళ్ళ మీద ఉమ్మేసింది. ఆమె తుడుచుకోకుండా నడిచి వెళ్ళింది.

ఆయాను కొత్త బడికి రమ్మని అడగడానికి ఇంటికి వెళ్తే, "నా కన్ను తీసినోళ్ళ పిల్లల ముక్కు తుడవలేనమ్మా," అంది. మేడం బలవంతం చేయలేదు. అయినా నెలకోసారి ఆ ఇంటికి వెళ్ళేది. ఆయా పీట వేసేది, మంచినీళ్ళిచ్చేది, తన పనిలో తాను ఉండిపోయేది. మేడం కాసేపు కూర్చుని, వంగని చేతిని ఒళ్ళో పెట్టుకుని, లేచి వచ్చేది.