కృపమ్మత్త నానబెట్టిన రీలు

మా కృపమ్మత్త లెక్కలో దాహం వేయని వస్తువంటూ లేదు. బియ్యానికి దాహం, కొత్త కుండకు దాహం, చివరికి కెమెరాలోంచి తీసిన రీలుకూ దాహమే. మాదాపూర్‌లో బండలు పేల్చి రోడ్లు వేస్తున్న రోజుల్లో, రేకుల కప్పు కింద జ్ఞానప్రకాశం మామయ్యకు ఫోటో స్టూడియో ఉండేది. ఫోటోలు తీసేది ఆయన, చీకటి గదిలో రీళ్లు కడిగేది ఆవిడ. బొమ్మను తేల్చే మందు పోసే ముందు రీలును మంచినీళ్లలో నానబెట్టందే ఆవిడకు చెయ్యి ఆడేది కాదు. ఎంతసేపు నానాలో గడియారంతో పనిలేదు. పరలోక ప్రార్థన రెండుసార్లు చదువుకునేది, అంతే.

"నానబెట్టడానికి అదేమన్నా మినప్పప్పా?" అనేవాడు మామయ్య.

"ఎండిన గోడకు సున్నం వేస్తే చారలు పడవూ? ముందు తడి తగిలితే మందు అంతటా సమంగా పడుతుందండి," అనేది అత్త.

పెళ్లయినప్పటి నుంచీ ఇదే గొడవ. తెనాలిలో మొదలుపెట్టి, సామానుతో పాటు మాదాపూర్ దాకా మోసుకొచ్చారు.

నేను అప్పట్లో వాళ్లింట్లో ఉండి కంప్యూటర్ కోర్సుకు వెళ్లేదాన్ని. వెళ్లేదాన్ని అని ఇంట్లో చెప్పేదాన్ని. నిజానికి ఎక్కువ సేపు ఆ చీకటి గదిలోనే గడిచేది. ఎర్ర దీపం వెలుగులో తెల్ల కాగితం మందు నీళ్లలో ఊగుతుంటే, దాని లోపలి నుంచి మెల్లగా ఒక ముక్కు, ఒక చెవి, ఒక నవ్వు వచ్చేవి. బయటెక్కడో బండ పేలేది. తొట్టిలో నీళ్లు వణికేవి, ఆ మనిషీ వణికి మళ్లీ కుదురుకునేవాడు. నిద్రకీ మెలకువకీ మధ్య ఉన్నట్టుండేది నాకు.

ఒక మధ్యాహ్నం సత్తెమ్మ వచ్చింది. గొర్రెలు కాసే రాజయ్య భార్య. ఆ వానాకాలంలోనే రాజయ్య పోయాడు.

"సారు ఒకపాలి మా ఆయనను బండ మీద కూసోవెట్టి ఫోటో దీసిండు. అది గావాలె బిడ్డా," అంది అత్తతో. "ఆయన మొహం మర్సిపోతున్న. కండ్లు మూస్తే తువ్వాల కనవడతది, చేతిల కట్టె కనవడతది. మొహం కానొస్తలేదు."

మామయ్య తల పట్టుకున్నాడు. ఆ కెమెరా చెడిపోతే అందులోని నలుపు తెలుపు రీలు తీసి ట్రంకు పెట్టెలో పడేసి, రంగుల ఫోటోల మోజులో దాని సంగతే మరిచిపోయాడు. రేకుల కింద అది వేసవులన్నీ ఉడికింది. ఆ బండ కూడా ఇప్పుడు లేదు.

రీలు వెతికి తెచ్చి, "దీన్ని మాత్రం నానబెట్టకు కృపా," అన్నాడు. "ఉడికిన సరుకు. నీళ్లలో నానితే పైపొర ఊడిపోద్ది. ఆ మనిషి మొహం ఇంకెక్కడా లేదు."

"నానబెట్టకపోతే మచ్చలు పడతాయండి. మచ్చ మొహం మీదే పడితే?"

ఇద్దరి మాటా నిజమే, అదే వచ్చిన చిక్కు. చివరికి ప్రార్థన ఒక్కసారే చదివేట్టు ఒప్పందం కుదిరింది. అత్త ఆ ఒక్కసారీ ఎంత సాగదీసి చదివిందో నాకూ ఆ దేవుడికీ మాత్రమే తెలుసు.

వెలుతురు సోకకుండా రీలు మీద మూత బిగించిన డబ్బాను పెరట్లోకి తెచ్చి నానిన నీళ్లు వంపింది. సిరా కలిపినట్టు నీలంగా పారాయి.

సత్తెమ్మ లేచి నిలబడింది. "పాయెనా బిడ్డా? నీళ్లల్ల పాయెనా?"

"అది రీలుకు పూసిన రంగు పెద్దమ్మా. ఆయన లోపలే ఉన్నారు," అంది అత్త. కానీ అంత ముదురు రంగు ఆవిడా ఎన్నడూ చూడలేదు. సత్తెమ్మ నమ్మలేదు. వంగి ఆ నీలం తడిని వేలితో అద్ది కళ్లకు అద్దుకుంది. నాకు ఏడుపొచ్చింది.

మందులన్నీ అయ్యాక అత్త రీలు విప్పి కిటికీకి ఎదురుగా పట్టుకుంది. మామయ్య భయపడ్డట్టే ఒక కొస పొర ఊడి, గొర్రెలన్నీ పోయాయి. రాజయ్య మిగిలాడు. మొహం మీద ఒక్క మచ్చ లేదు.

సత్తెమ్మ దగ్గరికొచ్చి, అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దదైన ఆ చదరంలోకి చూసింది. నలుపు తెలుపై, తెలుపు నలుపై ఉందందులో. రాజయ్య నెరిసిన జుట్టు, మీసం నల్లగా నిగనిగలాడుతున్నాయి. ఎండకు కమిలిన మొహం తెల్లగా విప్పారింది.

"ఇది అసలు ఫోటో కాదు పెద్దమ్మా. రేపు కాగితం మీద వేసిస్తాను. జుట్టు తెల్లగా, ఆయన ఎలా ఉండేవారో అలాగే వస్తుంది," అంది అత్త.

"వద్దు బిడ్డా. తెల్లగ జెయ్యకు." సత్తెమ్మ చూపు తిప్పలేదు. "లగ్గం నాడు గిట్లనే ఉండె. నేను మర్సిపోయింది గీ మొహమే."

ఎంతటివాళ్లు అడిగినా నెగెటివ్ చేతికివ్వని మామయ్య, తనే వెళ్లి కత్తెర తెచ్చాడు.