రెండు వందల పన్నెండు చీటీలు

సుప్రియ ఒకచోట కుదురుగా కూర్చునే మనిషి కాదు. కంప్యూటర్ ముందున్నా ఒక కాలు ఆడుతూనే ఉంటుంది. ప్రోగ్రాం నడిచే నాలుగు సెకన్లు కూడా ఓపిక పట్టలేక లేచి కిటికీ దాకా వెళ్లి వస్తుంది.

వనపర్తిలోని మా స్వచ్ఛంద సంస్థలో ఆమె చేరి మూడేళ్లవుతోంది. పల్లెల్లో ఆడపిల్లలకు రక్తపరీక్షలు చేసి, రక్తం తక్కువున్నవాళ్లకు వైద్యం ఇప్పించడం మా పని. నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. వేలు గుచ్చి రక్తం తీసి, హిమోగ్లోబిన్ ఎంతుందో రిజిస్టర్‌లో రాయడం నా వంతు. ఆ అంకెలను కంప్యూటర్‌లోకి ఎక్కించి జాబితాలు తీయడం సుప్రియ వంతు.

వాళ్ల నాన్న యోసేపు, అమ్మ కాంతమ్మ చేలల్లో కూలి చేస్తారు. ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది ఈమె ఒక్కతే. పైథాన్ అనే కంప్యూటర్ భాష ఎవరూ నేర్పలేదు. బస్సులో వస్తూ పోతూ ఫోన్‌లో వీడియోలు చూసి నేర్చుకుంది. ఇదివరకటి ఆపరేటర్‌కు వారం పట్టే పనిని ఈమె ఒక పూటలో ముగించి, తర్వాత ఏమిటని అడిగేది.

ఒకసారి నాకూ చెప్పింది. అంకెల్ని ఒక వరుసలో పేర్చి పెట్టుకుంటే దాన్ని అర్రే అంటారట. అందులో మొదటి స్థానం ఒకటి కాదు, సున్నా. నా రిజిస్టర్‌లో ఒకటో నంబరు పిల్ల ఆమె దగ్గర సున్నా అన్నమాట. ఇదేం లెక్కని నవ్వాను. పేర్లకు ఒక వరుస, హిమోగ్లోబిన్‌కు ఒక వరుస. రెండింటిలోనూ ఒకే స్థానంలో ఉన్నవి ఒకే పిల్లవి. అంతకు మించి ఏమీ లేదంది.

నిరుడు నవంబర్‌లో గోపాల్‌పేట నుంచి మొదలుపెట్టి కొల్లాపూర్ దాకా ఏడు ఊళ్లలో రెండు వందల పన్నెండు మందికి పరీక్షలు చేశాం. రక్తం తక్కువున్నవాళ్ల పేర్లు పైకి వచ్చేలా జాబితా కావాలని మా డాక్టర్ గిరిధర్ సారు అడిగారు. శుక్రవారం సాయంత్రానికి చాలన్నారు. సుప్రియ మధ్యాహ్నానికే ఇచ్చేసింది. పిల్లకొక చీటీ చొప్పున అచ్చు వేశాం. శనివారం ఆశా కార్యకర్తలు వాటిని, రక్తం తక్కువని వచ్చినవాళ్లకు ఐరన్ బిళ్లలతో సహా, ఇళ్లకు చేర్చారు.

జాబితా చూసిన సారు, గోపాల్‌పేట పిల్లల పరిస్థితి మరీ అధ్వాన్నంగా ఉంది, అక్కడ ప్రత్యేక శిబిరం పెడదామన్నారు. ఆ మాట దగ్గర సుప్రియ మనసు ఆగిపోయింది. ఏదో తేడాగా ఉందని శనివారమంతా సతమతమైంది. ఆదివారం చర్చిలో, ప్రార్థన మధ్యలో తట్టింది. జాబితాలో మొదటి ముప్పై పేర్లూ గోపాల్‌పేటవే. ఆ తర్వాత రెండో ఊరివి, ఆ తర్వాత మూడో ఊరివి. మేం తిరిగిన వరుసలోనే ఊరూరికీ రక్తం పెరుగుతూ పోతుందా? కాంతమ్మ చెయ్యి పట్టి ఆపబోయినా ఆగకుండా బయటికి వచ్చి నాకు ఫోన్ చేసింది.

"అక్కా, రిజిస్టర్ ఆఖరి పేజీ తీసి చదువు జర."

ఆఫీసు తాళం నా దగ్గరే ఉంటుంది. వెళ్లి తీశాను. రెండు వందల నాలుగో నంబరు. పేరు గీత, తండ్రి యాదయ్య, కొల్లాపూర్ పక్కన పల్లె. హిమోగ్లోబిన్ అయిదు పాయింట్ నాలుగు; పన్నెండు ఉండాలి. ఆ పిల్లకు మేము పంపిన చీటీలో పదమూడు పాయింట్ ఎనిమిది అని ఉంది. భయం లేదని కింద రాసి కూడా ఉంది.

జరిగింది ఇది. హిమోగ్లోబిన్ వరుసను ఒక్కదాన్నే చిన్న అంకె నుంచి పెద్ద అంకెకు సర్దమని సుప్రియ ఆదేశం ఇచ్చింది. అంకెలు జరిగాయి. పేర్లు మాత్రం ఎక్కడివక్కడే ఉండిపోయాయి. గీత అంకె వెళ్లి గోపాల్‌పేటలోని మొదటి పిల్ల పేరు పక్కన చేరింది. ప్రోగ్రాం ఎక్కడా తప్పు చూపించలేదు.

సుప్రియ వెంటనే సారుకు ఫోన్ చేసి చెప్పింది. సోమవారం "మళ్లీ పరీక్ష" పేరుతో కొత్త చీటీలు పంపుదాం, తప్పు జరిగిందని తెలిస్తే రేపు ఏ తల్లీ పిల్లను మన ముందు కూర్చోబెట్టదు అన్నారాయన. ఆ భయం అబద్ధం కాదు. ఆ ఊళ్లలో నమ్మకం సంపాదించడానికి మాకు ఏళ్లు పట్టింది.

"సార్, గా పిల్లకు అయిదే ఉన్నది. సోమవారం దాక నేను ఆగలేను" అని సుప్రియ ఫోన్ పెట్టేసింది.

పదకొండింటి బస్సుకు ఇద్దరం కొల్లాపూర్ బయల్దేరాం. బస్సులోనే ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుంది. ఈసారి అంకెల్ని జరపమని అడగలేదు. అన్నింటికన్నా చిన్నది ఏ స్థానంలో ఉంది, దాని తర్వాతిది ఏ స్థానంలో ఉంది అని స్థానాల వరుస అడిగింది. ఆ వరుస ప్రకారం పేర్లనూ అంకెల్నీ రెండింటినీ తీసింది. నేను రిజిస్టర్‌లోంచి అక్కడొకటి ఇక్కడొకటిగా ఇరవై పేర్లు చదివాను. అన్నీ సరిపోయాయి. అయినా ఇంకో ఇరవై చదివించింది. ఏడు కన్నా తక్కువుండి ప్రమాదంలో ఉన్నవాళ్లు పదకొండు మంది తేలారు. దిగేలోపు వాళ్ల ఊళ్ల ఆశా కార్యకర్తలందరికీ ఫోన్లు చేసింది.

యాదయ్య కృష్ణలో చేపలు పడతాడు. మేము వెళ్లేసరికి వాకిట్లో వల బాగుచేసుకుంటున్నాడు. గీత పత్తి ఏరడానికి పోయిందట. సుప్రియ కూర్చోకుండానే విషయం చెప్పింది. ఆయన వల కింద పెట్టాడు.

"నిన్న బాగున్నదని చీటి ఇస్తిరి. ఇయ్యాల లేదంటున్రు. దేన్ని నమ్మాలమ్మా?"

"నిన్నటి చీటి తప్పు. తప్పు చేసింది నేనే, డాక్టర్ కాదు, గీ అక్క కాదు. ఇంకోసారి పరీక్ష చేపిద్దాం, మీ కండ్ల ముందర్నే."

గీత తల్లి గడప దగ్గర నిలబడి వింటోంది. "పని చేతగాక ఏషాలు ఏస్తున్నవని నిన్నటి సంది తిడుతున్న దాన్ని" అంది మెల్లగా. సుప్రియ చేను ఎటువైపో అడిగి, మా కన్నా ముందు తనే నడిచింది.

గీతను కొల్లాపూర్ తీసుకొచ్చేసరికి గిరిధర్ సారు కారు వచ్చి ఆగి ఉంది. ఫోన్ పెట్టేశాక ఆయనా మా వెనకే బయల్దేరారట. యాదయ్య కళ్ల ముందే చేసిన పరీక్షలో అయిదు పాయింట్ రెండు వచ్చింది. అదే కారులో నాగర్‌కర్నూల్ దవాఖానకు తీసుకెళ్లాం. రెండు సీసాల రక్తం ఎక్కించారు.

ఆ వారమంతా ఏడు ఊళ్లూ మళ్లీ తిరిగాం. కొత్త చీటీలో మొదటి వాక్యం సుప్రియే రాసింది: మొదటి చీటీ తప్పు, ఆ తప్పు మాది. సారు దాన్ని రెండుసార్లు చదివి, కొట్టేయకుండా సంతకం పెట్టారు. గోపాల్‌పేటలో ఒక తల్లి, రక్తం బాగున్న పిల్లకు ఊరికే బిళ్లలు మింగించి కడుపునొప్పి తెప్పించారని మమ్మల్ని వాకిట్లోనే నిలబెట్టి తిట్టింది. సుప్రియ తలవంచుకుని అంతా వింది. ఆ వీధిలో ముగ్గురు చీటీ తీసుకోలేదు.

పదకొండు మందిలో పది మంది దొరికారు. వైష్ణవి అనే పిల్ల మాత్రం తల్లిదండ్రులతో రాయచూరు వైపు మిరప ఏరడానికి వెళ్లిపోయింది. ఫోన్ కలవదు. సుప్రియ తిండి మధ్యలో లేచి నంబరు నొక్కేది, బస్సు దిగగానే నొక్కేది. పదహారో రోజు వాళ్లను కూలికి తీసుకెళ్లిన మేస్త్రీ నంబరు సంపాదించింది. ఆ పిల్లను అక్కడి దవాఖానలో చూపించి మందులు మొదలుపెట్టేదాకా రోజుకు రెండుసార్లు ఆయన ప్రాణం తోడేసింది.

ఫిబ్రవరిలో గీత ఒక్కతే బస్సెక్కి మా ఆఫీసుకు వచ్చింది. పరీక్ష చేస్తే పది పాయింట్ ఆరు. చీటీ ఎట్ల తప్పయిందో చూపించమని అడిగింది. సుప్రియ పక్కన కుర్చీ వేసి, అయిదు పేర్లు, అయిదు అంకెలు టైపు చేసి, పాత ఆదేశం మళ్లీ నడిపి చూపింది.

"మరి పేర్లు ఎందుకు జరగలే అక్కా?"

"నేను జరపమని చెప్పలే."

గీత కాసేపు తెర వంక చూసి, అంకెలు మార్చి తానే ఒకసారి నడిపింది. ఆ తర్వాత ఇద్దరూ మాటల్లో పడి బస్సు సంగతి మరిచిపోతే, టైమవుతోందని నేనే లేపాను.