తెలివెక్కువ ట్యాంకులు

పాత వీడియో గేములకు రివ్యూలు రాయడం ఇప్పుడు నా సరదా. నిన్న డౌన్‌లోడ్ చేసినదాంట్లో ఇటుక గోడల మధ్య ట్యాంకు కదలగానే, బందరులో మా అత్తయ్యగారి ముందుగది ఎండురొయ్యల వాసనతో సహా వచ్చేసింది.

మా బావ దగ్గర పసుపు రంగు గేమ్ క్యాసెట్ ఉండేది. దానిమీద తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది ఆటలని రాసుంది. నేను నమ్మాను. కొత్త ఆట కనిపెట్టినవాడిదే మొదటి ఛాన్సని బావ రూలు. కరెంటు పోయేలోపు రిమోట్ చేతికందడమే నా జీవితాశయం.

"బావా, ఇది కొత్తది! ఇందులో ట్యాంకులకి తెలివెక్కువ!"

ఎండురొయ్యల తలలు తుంచుతున్న నాయనమ్మ టీవీ వైపు చూసింది. "పొద్దున్న ఆడిందేగా! గోడకి రంగేశారంతే."

బావ మాత్రం తెర వంక గంభీరంగా చూశాడు.

"నువ్వుండు అమ్మమ్మా. కొత్తదేరా, కానీయ్."

నాయనమ్మకు చూపు మందగించిందని జాలిపడి, యుద్ధానికి దిగాను. ఆ క్యాసెట్‌లో ఉన్నవి మహా అయితే పది ఆటలని, ఆ సంగతి బావకు మొదటి రోజే తెలుసని నాకు అర్థమవడానికి చాలా ఏళ్లు పట్టింది.

నిన్న ఫోన్ చేశాను. "బావా, కొత్త ఆట దొరికింది."

"ట్యాంకులకి తెలివెక్కువా?"

"చాలా."

"అయితే ముందు నువ్వే ఆడు."