ముడికో ఇంగ్లీషు ముక్క

అప్పలసూరిది ఎచ్చెర్ల అవతల తీరంలో ఓ చేపలవాళ్ళ ఊరు. ఇంటర్ పాసై గుజరాత్ వెళ్ళి, ఆరేళ్ళుగా వేరావల్ చేపల బోట్లలో పనిచేస్తున్నాడు. ఏడాదిలో ఎనిమిది నెలలు అక్కడే. వానాకాలంలో బోట్లు ఆగితేనే ఇంటి ముఖం చూడటం. సరుకుల ఓడలో ఉద్యోగం దొరికితే ఆ బతుకు తప్పుతుందని వాడి ఆశ. ఇంటర్వ్యూ ఇంగ్లీషులో. వయసు లెక్కన ఈ ఏడాదే ఆఖరు.

నరసన్నపేటలో ఇంగ్లీషు కోచింగ్ నాది. "చిన్న మాటలు బడిపిల్లలవి. పెద్ద మాట పడితేనే అవతలివాడు కుర్చీలో సర్దుకుంటాడు" అని వాడు చేరిన మొదటిరోజే చెప్పి, వెయ్యి మాటల పుస్తకం వాడి చేతిలో పెట్టాను. పాతికేళ్ళుగా అందరికీ చెప్పేదే.

వాడు ఇంట్లో చిరిగిన వల ముందేసుకుని ముడికో మాట చదివాడు. బెదురుకి 'ట్రెపిడేషన్' ఒక ముడి, పరోపకారానికి 'ఆల్ట్రూయిజం' ఒక ముడి. మాట తప్పితే ముడి విప్పి మళ్ళీ వేసేవాడు. వాళ్ళమ్మ గున్నమ్మ విసుక్కునేది.

"ఒరే, ఆ పుస్తకం వొచ్చిన కాడ్నుంచి వల తెమల్డం నేదురా."

రెండు నెలల్లో వెయ్యీ అప్పజెప్పాడు. నాకు గర్వంగానే ఉండింది, దాచుకోవడమెందుకు.

విశాఖలో ఇంటర్వ్యూ. ఓడలోంచి మనిషి సముద్రంలో పడితే ఏం చేస్తావని అడిగారు. నిరుడు వేరావల్ దగ్గర వాడి బావ గోపి బోటులోంచి పడిపోతే, నడుముకి తాడు కట్టుకుని దూకి బయటికి లాగింది వీడే. అలాంటివాడు నోరు మెదపలేదట.

సాయంత్రం కోచింగుకి వచ్చి ఆ మాట చెబితే నాకు ఒళ్ళు మండింది.

"దూకడాన్ని ఇంగ్లీషులో ఏమంటారో కూడా తెలీదుట్రా నీకు?"

"జంప్ అని నోటిదాకా వొచ్చింది మాస్టారూ. అంత సిన్నమాట అంటే మీ పరువు పోతాదని ఆగీసేను. పెద్దది ఎతుకుతన్నాను, ఈలోగా ఆళ్లు ఎల్లిపోమన్నారు."

క్షమించమని అనాలి. అనలేదు. "మళ్ళీ చూద్దాంలే" అన్నాను. మళ్ళీ అనేది లేదని ఇద్దరికీ తెలుసు.

ఆగస్టులో వాడు వేరావల్ రైలెక్కాడు. ఆ సోమవారమే కొత్త బ్యాచ్. ఈసారి చిన్న చిన్న ఇంగ్లీషు మాటలతో, తిన్నగా మాట్లాడి చూపిద్దామని లేచి నిలబడ్డాను. రెండు వాక్యాలు దాటాక నాకే మాట రాలేదు. పిల్లలు పెన్నులు పట్టుకుని ఎదురుచూస్తున్నారు. వెనక్కి తిరిగి, బోర్డు మీద ఓ పెద్ద మాట రాశాను.