లేని గేదె జున్ను

నా చిన్నప్పుడు జున్ను సంగతిలో నన్నెవరూ మోసం చెయ్యలేరని మా వీధంతా ఒప్పుకునేది. ఒప్పుకోనివాళ్ళతో వాదించి నేనే ఒప్పించేదాన్ని. ముక్క నోట్లో పెట్టుకుని ఇవి మొదటి రోజు పాలా, మూడో రోజువా, మామూలు పాలేమైనా కలిపారా అన్నది చెప్పేసేదాన్ని. అప్పటికి నాకు పదకొండేళ్ళు. ఎవరింట్లో గేదె ఈనినా పిలిచి మరీ రుచి చూపించేవాళ్ళు. అందుకే అంత పొగరు.

పక్కింటి అక్క మామగారిని నేను తాత అనేదాన్ని. ఆ ఏడు మిరపకోతలకి ముందు ఆయన కాలవగట్టు మీద నుంచి పడి, తుంటి విరిగి మంచాన పడ్డారు. తిండి మీద ధ్యాస పోయింది. ఏం పెట్టినా రెండు ముద్దలతో చాలనేవారు. కోరిక ఒక్కటే మిగిలింది. దూడగా ఉన్నప్పటి నుంచీ తన చేత్తో మేపుకున్న గేదె నిండుచూలుతో ఉంది. అది ఈనితే జున్ను తింటాననీ, తిని లేచి కూర్చుంటాననీ రోజూ అనేవారు.

గేదె ఈనలేకపోయింది. కడుపులో దూడ అడ్డం తిరిగి, పశువుల డాక్టరు వచ్చేలోపే రెండూ పోయాయి. గేదెను కట్టేసే పాక చేలో ఉండేది కాబట్టి మంచంలో ఉన్న మనిషికి ఆ సంగతి తెలియలేదు. కాస్త కోలుకునేదాకా తెలియనివ్వకూడదనుకున్నారు ఇంట్లోవాళ్ళు. ఈనింది, పెయ్యదూడ పుట్టింది అని చెప్పేశారు. చెప్పాక జున్ను పెట్టాలి కదా! ఊళ్ళో అప్పుడు ఈనిన గేదె మరొకటి లేదు.

ఆ పని అక్క మీద పడింది. కాపురానికొచ్చి ఏడాది కాలేదు ఆవిడకి. మామూలు పాలలో నిమ్మకాయ పిండి చూసింది, పలుకులు పలుకులుగా విరిగింది. మొక్కజొన్న పిండి కలిపి చూసింది, సంకటిలా తయారైంది. మూడోసారి పాలు సగానికి మరగకాచి చల్లార్చి, గుడ్డలో వేలాడగట్టి నీరంతా దించిన గడ్డపెరుగు అందులో కలిపింది. బెల్లం, మిరియాలపొడి, యాలకులు వేసి, గిన్నెకి మూతపెట్టి ఆవిరి మీద ఉడికించింది. ఈసారి చాకు పెడితే ముక్క శుభ్రంగా తెగింది. అసలు జున్నుకుండే బెజ్జాలు లేవు. మింగాక నాలిక చివర కాస్త పులుపు. అంతకు మించి వంక పెట్టడానికి నాకే ఏమీ దొరకలేదు.

"నువ్వు జున్నే అంటే తాత నమ్ముతారే. ఈ ఒక్కసారికి నీ వాదనలు కట్టిపెట్టు తల్లీ" అంది అక్క. పెద్ద పదవేదో ఇచ్చినట్టు సరేనన్నాను.

తాత దిండుకానుకుని మొదటి ముక్క తిన్నారు. రెండోది తిన్నారు. మూడోది తనే చెయ్యి చాపి అడిగారు. గుమ్మంలో నిలబడ్డ అక్క కొంగుతో కళ్ళొత్తుకోవడం నేను చూశాను. అప్పుడు తాత, పక్కనే ముక్క కొరుకుతున్న నా వైపు తిరిగారు.

"ఏమే, ఎట్టా ఉంది?"

"భలేగా ఉంది తాతా. మొదటి రోజు పాలు."

"మొదటి రోజు పాలంట!" ఆయన నవ్వారు. "పులుపు తగల్లేదటే నీకు? జున్ను జున్ను అని ఎగరటమే గానీ నీ నాలిక వట్టి మొద్దే."

అక్కడ ఊరుకోవాలి. అక్క కళ్ళతోనే బతిమాలుతోంది. నేను ఊరుకోలేదు.

"నాకెందుకు తెలీదూ? అది పెరుగు పులుపు."

"మన గేదె పాలుండగా పెరుగెందుకేస్తారే పిచ్చిమొహమా?"

"లేని గేదెకి పాలెక్కడివి తాతా?"

ఒక్క క్షణం గెలిచాననే అనుకున్నాను.

ముక్క ఆయన చేతిలోనే ఆగిపోయింది. "ఎప్పుడమ్మా?" అన్నారు అక్కతో. "మొన్న శుక్రవారం, మామయ్యా." "దూడో?" అక్క తల వంచుకుంది. ఆయన ముక్కను తిరిగి గిన్నెలో పెట్టి, మెడ మాత్రం గోడవైపు తిప్పుకున్నారు. శరీరం తిప్పే వీలు లేదు కదా.

కాసేపటికి అక్క అత్తగారు మిరపకల్లం నుంచి తుమ్ముకుంటూ వచ్చింది. ఆయన మొహం చూడగానే ఆవిడకి అర్థమైపోయింది. "ఎవరు చెప్పారీయనకి?" అని అరిచింది.

"నేనే అత్తయ్యా. నోరు జారాను" అంది అక్క.

"ఒక్క మాట కడుపులో దాచుకోలేవటే? మీ అమ్మ ఇదే నేర్పి పంపిందా?" అని మొదలుపెట్టి, ఆవిడ అక్క పుట్టింటి దాకా వెళ్ళింది. నేను అక్కడే ఉన్నాను. నా చేతిలో ఇంకా సగం ముక్క ఉంది. అక్క ఒక్కసారి కూడా నా వంక చూడలేదు. చూస్తే నేను దొరికిపోతానని కాబోలు. చివరికి నా భుజం మీద చెయ్యేసి, "ఇంటికెళ్ళవే, అమ్మ చూస్తుంటుంది" అని మెల్లగా బయటికి పంపేసింది.

తాత కొన్నాళ్ళు గంజితో గడిపి, ఆ తర్వాత తేరుకున్నారు. కర్ర పట్టుకుని నడిచారు కూడా. ఏనాటికైనా తెలియాల్సిందేగా, నేను చేసిన నష్టమేముంది అని నాతో నేను ఎన్నోసార్లు వాదించుకున్నాను. ఆ వాదనలో ఎప్పుడూ నేనే గెలుస్తాను. గెలిచినా లాభం లేదు. తాతకి నిజం చెప్పినందువల్ల నాకు పోయిందేమీ లేదు. అత్తగారి ముందు చెబితే రెండు దెబ్బలు పడేవి. అందుకే అక్కడ నోరు విప్పలేదు. నేను నిజం చెప్పే మనిషినన్న మాటకి ఉన్న విలువ అంతే.

ఇప్పుడు ఎవరైనా ఫోన్ చేసి జున్నుపాలు దొరకలేదు, ఏం చెయ్యాలంటే అక్క పద్ధతే చెబుతాను. పెరుగు నీరు బాగా దించమని మరీ మరీ చెబుతాను. ఎవరు నేర్పారని అడిగితే పక్కింటి అక్క అంటాను. ఆవిడ దాన్ని ఎందుకు చెయ్యాల్సి వచ్చిందో ఇంతవరకూ మా అమ్మక్కూడా చెప్పలేదు.

మొన్న మంగళగిరిలో ఒక పెళ్ళిలో అక్క కనిపించింది. జుట్టంతా నెరిసిపోయింది. పక్కన కూర్చోబెట్టుకుని తన కోడలికి నన్ను చూపించింది. "ఈ పిల్లకి చిన్నప్పటి నుంచీ భయం లేదమ్మా. ఉన్నమాట మొహం మీదే అనేస్తుంది" అంది. మెచ్చుకోలుగానే అంది. కాదక్కా అనడానికి నోరు తెరిచాను. ఈలోపు వడ్డించేవాళ్ళు వచ్చారు. నేను తల వంచుకుని అన్నం కలుపుకున్నాను.