తొడుగు లోపలి నంబరు

మా వదిన ఉత్త మెతక మనిషి, పగ పట్టడం కూడా చేతకాదని నలుగురిలో అనేదాన్ని. నా నోరు పడిపోను!

వదిన టైలరు. మనిషిని చూస్తే చాలు, జాకెట్ ఎక్కడ లాగుతోందో చెప్పేస్తుంది. అన్నయ్యకి క్యాన్సర్ మందులు ఎక్కిస్తున్న రోజుల్లో ఆస్పత్రివాళ్లు మణికట్టుకి ఓ పట్టీ కట్టి ఇంటికి పంపారు. ఒంటి వేడి, గుండె వేగం ఎప్పటికప్పుడు ఆస్పత్రిలోని తెర మీద కనపడతాయట. తేడా వస్తే వాళ్లే ఫోన్ చేసి రమ్మంటారట. ఆ తెర ఉన్న గది ఇన్‌ఛార్జి, ఆ మహానుభావుడు, తన సొంత నంబరున్న కార్డు వదిన చేతిలో పెట్టి, "ఏ అవసరమొచ్చినా చెయ్యండమ్మా" అన్నాడు.

పట్టీలన్నీ ఒకటే సైజు. అన్నయ్య చెయ్యి చూస్తే పుల్ల. జారిపోతోందని వదిన కొలత తీసి, సాగే బట్టతో పట్టీకి తొడుగు కుట్టింది. మరి ఇసుమంత కదిలితే ఒట్టు. అది చూసి మిగతా రోగులూ అడిగితే వాళ్లకీ కుట్టిపెట్టింది.

ఓ మధ్యాహ్నం అన్నయ్య మగతగా పడుకున్నాడు. లేపనా అని నేనంటే, "ఏదైనా ఉంటే వాళ్లే ఫోన్ చేస్తారుగా, పడుకోనీ" అంది వదిన. ఫోన్ రాలేదు. సాయంత్రానికి ఒళ్లు పెనంలా కాలిపోతోంది. ఆస్పత్రికి పరుగెత్తాం. ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పాకిందన్నారు. మూడో రోజు అన్నయ్య పోయాడు.

తర్వాత తెలిసింది, తెర మీద మూడుసార్లు ఎర్రలైటు వెలిగిందని. వెలిగినప్పుడు నొక్కడానికి రెండు బటన్లుంటాయి: 'ఫోన్ చేశాం', 'పట్టీ వదులు'. రెండోది నొక్కితే, పట్టీ జారి తప్పుడు లెక్క చూపించిందని సరిపెట్టుకోవచ్చు, ఫోన్ చేసే బాధ ఉండదు. జారే పట్టీలతో విసిగి అక్కడందరికీ అదే అలవాటైంది. మహానుభావుడు మూడుసార్లూ అదే నొక్కి, 'ఇంటివాళ్లు సరిగా కట్టలేదు' అని కాగితం మీద రాసి పడేశాడు.

తొడుగు ఎంత బిగువుగా ఉందో కళ్లారా చూసిందాన్ని, అయినా ఆ కాగితాన్నే నమ్మాను. "ఒక్క పట్టీ బిగించలేకపోయావా? చేతులారా చంపుకున్నావు కదే!" అన్నాను.

వదిన తొడుగులు కుట్టడం మాత్రం మానలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. "సిగ్గులేదా, ఇంకా వాళ్లకి ఊడిగం చేస్తున్నావు?"

"తిప్పి చూడు" అంది.

లోపలివైపు ఎర్రదారంతో ఇన్‌ఛార్జి నంబరు! "ఒంట్లో కాస్త నలతగా ఉన్నా తెరని నమ్ముకోకండి, ఈయనకే ఫోన్ కొట్టండి" అని ప్రతి రోగికీ చెప్పి మరీ ఇస్తోంది. అప్పటికి రెండొందల పైచిలుకు తొడుగులు ఊరంతా తిరుగుతున్నాయి.

రెండు నెలలకి మహానుభావుడు వదిన దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. మనిషి సగమైపోయాడు.

"అన్నం ముద్ద నోట్లో పెట్టుకోనివ్వడం లేదమ్మా. నంబరు మారుస్తానంటే, రోగుల దగ్గరున్న నంబరు, వీల్లేదంటున్నారు పైవాళ్లు. దయచేసి ఆ కుట్లు విప్పెయ్యండి."

వదిన డ్రాయరు లాగి అన్నయ్య పట్టీకి వేసిన తొడుగు తీసింది. "ఇది ఆయన కొలత. ఎక్కించుకో."

అది అతని నాలుగు వేళ్ల దగ్గరే ఆగిపోయింది. అన్నయ్య అంత చిక్కిపోయాడా అనిపించింది.

"ఇది వదులా?"

"కాదు" అని గొణిగాడు.

"నాకు తెలుసు. అదిగో, మా ఆడపడుచుకి చెప్పు. గట్టిగా."

అతను నా వైపు తిరిగాడు. "పట్టీ వదులు కాదమ్మా. నేనే చూడకుండా నొక్కేశాను." వదిన కాగితం, పెన్నూ ముందుకి తోసింది. ఆ ముక్కే రాసి సంతకం పెట్టాడు.

"ఇప్పుడైనా విప్పుతారా?"

ఇంతలో అతని జేబులో ఫోన్ మోగింది.

"ముందు ఫోనెత్తు" అంది వదిన. "ఎవరికి జ్వరమొచ్చిందో."

విప్పలేదు. నన్ను క్షమించిందో లేదో అడిగే ముఖం నాకు లేదు. రోజూ వెళ్లి, ఆవిడ సూదిలోకి ఎర్రదారం ఎక్కించి ఇస్తున్నాను. తీసుకుంటోంది, అంతే.