గోటితో కొలిచిన అద్దం

మా నాన్న నా చూపును గోటితో కొలిచేవాడు. కళ్ళజోడు తీయించి, అద్దం అంచును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కి చూసేవాడు. "డాక్టరు రాసిన అంకెలు నాకెందుకే?" అనేవాడు. నా పదో తరగతి పరీక్షలప్పుడు అలాగే నొక్కి, "ఇంకొక్క పిసరు మందమైందో, చదువు మానెయ్యడమే! పుస్తకాలే నీ కళ్ళు తినేత్తన్నాయి" అని తేల్చేశాడు. కోపంతో కాదు, భయంతో. అదే నా ప్రాణానికొచ్చింది. కోపమైతే రెండ్రోజుల్లో చల్లారేది.

ఆ వేసవిలో అమ్మతో కాకినాడ వెళ్తే పవరు మైనస్ ఏడు నుంచి తొమ్మిదిన్నరకి పెరిగింది. "ఆర్నెల్లకోసారి చూపించి తీరాలి. కంటి వెనక పొర చిరిగితే చూపు పోతుంది" అన్నాడు డాక్టరు. అయినా సిగ్గులేని దాన్ని, నాకు ముందు గుర్తొచ్చింది నేను చేరాలనుకున్న యానాం కాలేజీయే.

కళ్ళజోళ్ళ కొట్టులో చెంపల దాకా వచ్చే పెద్ద పెద్ద ఫ్రేములున్నాయి, అప్పట్లో అదే ఫ్యాషన్. నా చెయ్యి వాటి మీదికే పోయింది. కొట్టాయన ఆపాడు.

"అది వద్దమ్మా. మైనస్ అద్దం నడిమిన పల్చన, అంచున మందం. ఫ్రేము పెద్దదైతే ఆ మందమంతా మిగిలిపోద్ది. చిన్న గుండ్రం తీసుకో, కన్ను సరిగ్గా మధ్యకొచ్చేది. మిగతాది కోసి పారేత్తాం."

"దీని పాత పెద్ద జోడు అద్దాల కంటే పల్చగా ఉంటాయాండీ?" అమ్మ గొంతు తగ్గించి అడిగింది.

"ఆయ్, ఉంటాయండి."

పెట్టుకుని చూసుకుంటే పెన్షను తాతలా ఉన్నాను. ఉంటే ఉన్నాను, పోనిద్దురూ!

వారం తర్వాత కొత్త కళ్ళజోడుతో ఇంట్లో అడుగుపెట్టగానే నాన్న చెయ్యి చాపాడు. అంచు మీద గోరు పెట్టి నొక్కాడు. తిప్పి మళ్ళీ నొక్కాడు.

"ఓసి నీ అమ్మకడుపు చల్లగా, తగ్గిందే!" ఆయన మొహం చేటంతయింది. "నేను తినిపించిన పొన్నగంటికూర పనిచేసిందే అమ్మడూ! పో, కాలేజీలో చేరు. ఇంక కాకినాడా వద్దు, డాక్టరూ వద్దు. రోజూ కూర తిను, చాలు."

అమ్మ నా వైపు చూడలేదు. నిజం చెబితే చదువు పోతుంది. చెప్పకపోతే కళ్ళు పోతాయేమో.

ఆ మధ్యాహ్నం నాన్న తన చేత్తోనే పొన్నగంటికూర వడ్డించాడు. మారు అడిగి మరీ తిన్నాను.